తూకం గుమాస్తా సెలవు

ఇరవై ఆరేళ్ళుగా ఇనుపరాయిని తూస్తున్నాను
హార్బర్లో, బెల్టు పక్కన, ఎర్రధూళిలో.
ఎక్కింది ఎంత, దిగింది ఎంత,
మధ్యలో రాలింది ఎంత: అదీ నా చదువు.
మొన్న మంగళవారం బెల్టు తెగింది.
"రేపు రావొద్దు గురువుగారూ" అన్నాడు ఫోర్‌మేన్ దాలినాయుడు,
సెలవిచ్చినట్టు కాదు, అప్పిచ్చినట్టు.

భీమిలి బస్సెక్కాను.
విశాఖలో పుట్టి భీమిలి చూడని మనిషినని
చుట్టాలొస్తే మా ఆవిడ నన్ను వింతగా చూపిస్తుంది.

పక్కసీట్లో గరికిన నూకాలు, ఒళ్ళో ఖాళీ తట్ట.
కోనాం చేపలు అమ్మేసి వెనక్కి పోతోంది.
తట్టకీ టిక్కెట్టు తీయమన్నాడు కండక్టరు.
"సేపలున్నప్పుడు కొట్టినావు,
ఇప్పుడు గాలికి కూడా కొడతావేటి?"
బస్సంతా నవ్వింది.
నేను మటుకు ఖాళీ తట్ట ఎంతుంటుందని ఆలోచించాను.
కిలోన్నర. వాసనతో కలిపి రెండు.

తొట్లకొండ మలుపులో దిగి పైకెక్కాను,
ఆయాసం ముందు, నేను వెనక.
రాతిలో తొలిచిన తొట్లు.
భిక్షువులు వాననీళ్ళు దాచుకునేవారట.
మూడు నెలల వాన, తొమ్మిది నెలల దాహం.
నాకన్నా ముందే ఇక్కడెవరో లెక్క రాసుకున్నారు.
ఇప్పుడు తొట్టి అడుగున కాసింత పచ్చనీరు,
ఒక కప్ప, ఒక చిప్సు పొట్లం.
ఇటుకల అరుగు దగ్గర పెళ్ళి కాబోయే జంట,
"మేడమ్, సార్ భుజమ్మీద గడ్డం ఆనించండి."
వాళ్ళ వెనక సముద్రం, లంగరేసిన ఓడలు.
ఒకదాన్ని పోల్చుకున్నాను.
నీళ్ళమీద అంత ఎత్తు తేలిందంటే కడుపు ఖాళీ అనే.
నా బెల్టు కోసమే కాచుకుంది.
తల తిప్పుకున్నాను.

భీమిలిలో ఎండ నిటారుగా ఉంది.
హాలెండు వాళ్ళ సమాధులు,
కొన్ని మొన తేలి గోపురాల్లా,
కొన్ని మూత పెట్టిన పెట్టెల్లా.
అక్షరాల్ని ఉప్పుగాలి తినేసింది,
తినగా మిగిలినవి నాకు రావు.
అప్పలకొండ అనే ముసలామె ఆకులు ఊడుస్తోంది.
"బట్టలు కొనడానికి ఓడలెక్కి వొచ్చినోరంట బాబూ.
తిరిగెల్దుమనే అనుకునుంటారు.
రోజూ ఊడుస్తన్నాను గదా,
మా ఇంటోళ్ళకన్నా నయం,
ఏటీ అడగరు."
ఒక చిన్న రాయి దగ్గర చీపురు మెత్తబడింది.
"ఇది పసిది."
ఎలా తెలుసని నేనడగలేదు.
రాయి మూడు జానలుంది.
బరువు అంచనా కట్టబోయి మానేశాను.

గోస్తని సముద్రంలో కలిసేచోట
మళ్ళీ నూకాలు, అడ్డపొగ చుట్టతో, ఒళ్ళో వల.
"టిక్కెట్టు బాబువే కదూ?"
ఇక్కడ ఏది నది, ఏది సముద్రం అన్నాను.
చుట్ట తీసి, ఉమ్మేసి, నన్ను జాలిగా చూసింది.
"పాటులో ఏరు, పోటులో సంద్రం.
సేపకి లేని గొడవ నీకేటి?"

వచ్చేదారిలో ఎర్రమట్టి దిబ్బలు.
ఏ కాలం నుంచో గాలి మోసుకొచ్చి పోసిన సరుకు,
బిల్లు లేదు, సంతకం లేదు.
వాన కోసిన సందుల్లో దారి తప్పాను,
నాలుగు జీడిమామిడి చెట్ల తర్వాత దొరికింది.
గుప్పెడు మట్టి తీసి అరచేతిలో ఎగరేశాను, అలవాటుగా.
వేళ్ళు విప్పేలోగా గాలి
తన సరుకు తాను పట్టుకుపోయింది.

ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర.
గుమ్మంలోనే మా ఆవిడ కాలరు పట్టుకుంది.
"బెల్టు తెగిందని చెప్పి డ్యూటీకెళ్ళారా?"
భీమిలి అన్నాను.
నమ్మలేదు.
చొక్కా తీసి బకెట్లో ముంచింది,
నీళ్ళు ఎర్రబడ్డాయి, రోజూ లాగే.

అన్నానికి పిలిచినా వెళ్ళలేదు.
బకెట్టు పక్కన పీట వేసుకుని చూస్తున్నాను.
ఇనుపరాయి అయితే ఈపాటికి అడుగంటేది.
ఇది ఇంకా తేలుతూనే ఉంది.