అక్షరానికి ఎంత దుమ్ము

ఆల్మైరా ట్రస్క్‌ని నేను తలకిందులుగానే చదివాను,
సీసంలో, వేలికొసలతో.
వెర్మాంట్ కొండల్లో మా గ్రానైట్ ఊరికి
వారానికి రెండుసార్లు వచ్చే పత్రికలో
టైపు పేర్చేవాడిని.
ఆమె రాత కోడి కెలికినట్టుండేది.
కామాలు మరీ ఎక్కువ.

మొదట్లో ఆమెకిచ్చినవి
పెళ్లిళ్లు, చర్చి విందులు, తప్పిపోయిన ఆవులు.
ఒక మార్చిలో చావు కబుర్లు కూడా ఆమె బల్ల మీదికే వచ్చాయి.
ఏడు వారాల్లో పదకొండుమంది రాతిపనివాళ్లు.
నలభై ఐదు దాటినవాడు ఒక్కడూ లేడు.
క్షయ, అని రాశాడు డాక్టరు
పదకొండుసార్లూ, అదే సిరాతో.

షెడ్డుకి వెళ్లింది.
చలికి తలుపులన్నీ బిగించి
వంద గాలిసుత్తులు ఒక్కసారే మోగుతున్నాయి.
ఎట్టోరే బెర్నాస్కోని
ఎవరి సమాధి మీదో పేరు చెక్కుతున్నాడు.
"ఒక్క అక్షరానికి ఎంత దుమ్ము లేస్తుంది?"
అతను నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వాడు.
నేలమీద రుమాలు పరిచి
ఆ అక్షరం అయ్యేదాకా కదల్లేదు.
మూటగట్టి మందుల షాపుకి తీసుకుపోయి
త్రాసులో పెట్టించింది.

మర్నాడు నా చేతికొచ్చిన మొదటి వాక్యం:
రుమాలు మీద పడిన దుమ్ము ఇంత.
పడనిది ఎక్కడికి పోయింది?

ఎడిటర్ దాన్ని అడ్డంగా కొట్టేశాడు.
నేను ఆ గీత చూడనట్టు పేర్చేశాను.
ముప్పయ్యేళ్లలో కావాలని చేసిన ముద్రారాక్షసం
అదొక్కటే.
నాకు పిల్లలున్నారని
తప్పంతా తన నెత్తిన వేసుకుని
సాయంత్రానికి టోపీ తీసుకుని వెళ్లిపోయింది.

ఎట్టోరే పోయాక
ఇసోలీనా ఇంట్లో అద్దె గది.
కింద కాఫీ కప్పుల్లో దొంగ వైన్,
పైన టైపు మిషను. నాలుగు చలికాలాలు.
నవల న్యూయార్క్‌లో అచ్చయింది,
ఆరువందల చిల్లర అమ్ముడుపోయింది.
ఊరి లైబ్రరీ కొనలేదు.
ఒకే కాపీ వంటింటి నుంచి వంటింటికి తిరిగి
నా దగ్గరికొచ్చేసరికి
నలభైరెండో పేజీ మీద ఎర్రటి మరక.

ఆ పేజీలో ఒక భార్య
రాత్రంతా మొగుడి వీపు నిమురుతూ
దగ్గుకీ దగ్గుకీ మధ్య
ఒక్కో జపమాల పూస జరుపుతుంది.

కూతురి చేత చదివించుకుంది ఇసోలీనా.
మేడ మెట్లెక్కి గుమ్మంలో నిలబడి,
"నా కూడు తిన్నావు, సరే.
నా రాత్రిని ఎందుకెత్తుకుపోయావు?"
ఆల్మైరా దగ్గర ఒక్క కామా కూడా లేదు.
పుస్తకం మీద వచ్చిన నలభై ఒక్క డాలర్లు
కవర్లో పెట్టి పంపితే
విప్పకుండానే తిరిగొచ్చింది.

తర్వాత ఒహాయో, అలబామా,
నూలు మిల్లులు, సీసా ఫ్యాక్టరీలు.
ఏది రాసినా ముందు వాళ్లకే చదివి వినిపించేదట.
"ఇది మీది. ఉంచనా, తీసెయ్యనా?"
తీసెయ్యమన్నవి ఎన్నో
నాకు తెలీదు. అవి ఏ టైపుకీ ఎక్కలేదు కదా.

మా షెడ్లలోకి దుమ్ము పీల్చే గొట్టాలు వచ్చేసరికి
ఎట్టోరే పోయి పదమూడేళ్లు.
అవి ఆమె వల్ల వచ్చాయని ఎవరూ అనలేదు.
ఆమె కూడా.

పెట్టె రైల్లో వచ్చింది, జేబులో చీటీతో సహా.
చెక్క పలక చాలు. పేరు పెయింటుతో.
రాతిపనివాళ్లు తలలు దించుకున్నారు.
ఊరికే ఇస్తామన్న గ్రానైట్ బండిమీదే ఉంది.
అందరూ ఇసోలీనా వైపు తిరిగారు.
ముసలిదై, కర్ర పట్టుకుని.
చాలాసేపటికి,
"రాయి," అంది.
బండినో, బతుకునో
ఎవరూ అడగలేదు.

ఎట్టోరే కొడుకు బకెట్టుతో నీళ్లు పోసుకుంటూ
తడి మీద, చేతి ఉలితో
పేరు ఒక్కటే చెక్కాడు.
ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది.
నా కళ్లు కదా, వెంటనే పట్టేశాయి.
నోరు తెరవలేదు.
దిద్దాలంటే మళ్లీ దుమ్ము.