చివర రాసినదే నిలుస్తుంది

లియెపాయా రేవులో మంచు నల్లబడే నెల.
నా ప్రోగ్రామ్ దానంతటదే ఫిర్యాదు పంపింది:
ఒకే పాట, ఒకే గడి,
పేరు నలభై ఒక్కసార్లు మారింది,
ఇక నా వల్ల కాదు.
(ఆ చివరి మాట నేనే రాసిపెట్టాను, అయిదేళ్ల కింద, సరదాకి.)

నేను చేసేది చిన్న పని.
పాటలు ఎవరి పెట్టెలో వాళ్లవే.
వాటి మెడలో చీటీలను మాత్రం,
ఎవరు పాడారు, ఏ ఏడు, ఎన్ని చుక్కలు,
ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి నడిపిస్తాను.
రెండు చీటీలు పోట్లాడితే తీర్పు ఒకటే:
చివర రాసినదే నిలుస్తుంది.

బగ్ అనుకుని లాగ్ తెరిచాను.
రాత్రి పదకొండు, రీగా. పాడినవారు: అమ్మ.
తెల్లారి నాలుగు, లియెపాయా. పాడినవారు: అత్తగారు.
పదకొండు: అమ్మ.
నాలుగు: ఆల్మా.
పదకొండు: అమ్మ ఆల్మా.
నాలుగు: అత్తగారు, జలుబుతో.

గానుగెద్దులా తిరిగే లూప్‌కి
జలుబు సంగతి ఎలా తెలుస్తుంది?

ఫోన్ చేశాను.
స్కైద్రితె, పియానోలకు శ్రుతి చేసే మనిషి.
విడిపోయి మూడేళ్లట. కుక్క ఇల్‌గ్వార్స్‌కి, పడవ అమ్మేశారు.
సింక్ ఆపించాలని మాత్రం ఏ వకీలుకీ తోచలేదు.
పాట మూడు నిమిషాల పన్నెండు సెకన్లు, వంటింట్లో రికార్డు చేసింది.
రెండు నలభై దగ్గర కెటిల్ కూస్తుంది, ఎవరో నవ్వుతారు.
"ఆ నవ్వు ఎవరిదో ఆయన ఎక్కడా రాయలేదు, చూశావా?"

"రెండు పేర్లూ ఉండేలా సరిచేస్తానండీ.
ఒక్క లైను పని. రేపటికల్లా."
అవతల ఏదో తీగ బిగుస్తోంది,
అపస్వరం, కొంచెం తక్కువ అపస్వరం.
"వద్దు.
రెండూ ఉంటే నాలుగింటికి నేనెందుకు లేవడం?"

ఫిర్యాదు మూసేశాను. కారణం అడిగిన చోట
'అనుకున్నట్టే పనిచేస్తోంది' అని రాశాను.
అబద్ధం. నేనిలా అనుకోలేదు.

ఈ రాత్రి ఇంకొకటి వచ్చింది.
పదకొండు దాటి ఏడు నిమిషాలు, రీగా.
పేరు జోలికి పోలేదాయన.
ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న వ్యాఖ్య గడిలో
'2:40, నువ్వు.'

నాలుగు ఇంకా కాలేదు.
కెటిల్ పెట్టుకున్నాను.