నాలుగో పొర

మార్చి నెల. డులూత్‌లో సరస్సింకా గడ్డకట్టే ఉంది.
మార్లిస్ హౌగెన్ వంటగది మాత్రం
నిన్ననే పోతపోసినట్టు తళతళలాడుతోంది.
మంచు బూట్లు గుమ్మంలోనే విప్పించి
పన్నెండు మందిని
మేజోళ్ళతో లోపలికి నడిపిస్తోంది.
నేనో మూల మోకాళ్ళ మీద,
ఆఖరి సొరుగు మరలు బిగిస్తూ.

"ఇది క్వార్ట్జ్. మరక పట్టదు."
అందరూ అరచేయి ఆనించి చూస్తారు,
పసిపిల్లకి జ్వరం చూసినట్టు.
సొరుగుని ఒక్క వేలితో తోస్తుంది.
అది సగం దూరం వెళ్ళి, ఆలోచించుకుని,
చప్పుడు లేకుండా తనే మూసుకుంటుంది.
పన్నెండు నోళ్ళూ "ఓహ్" అని తెరుచుకుంటాయి.
లోయిస్ కోస్కి నోరు కాస్త ముందుగా మూతపడుతుంది.
ఆ మూతిబిగింపు నాకు తెలుసు.
వచ్చే శీతాకాలం నాకు పని దొరికింది.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ
ఇక్కడ కూర సంగతి ఎవరూ అడగరు.
ఆరు మంటల పొయ్యి మీద
ఇవాళ నీళ్ళైనా కాగలేదు.
అట్టపెట్టెలో కొన్న బిస్కెట్లు, కాగితం కప్పుల్లో కాఫీ.
మరక పట్టని రాయి మీద
ఎవరు కప్పు పెట్టబోయినా
మార్లిస్ చేయి చటుక్కున కిందికి దూరుతోంది.

"మా సింకు దీనికన్నా రెండంగుళాలు లోతు,"
అంటాడు రోలాండ్, కిటికీతో.
"అంత లోతులో ఏం కడుగుతావ్, దుప్పినా?"
"నవంబరులో, అవును."
అందరూ నవ్వారు. లోయిస్ నవ్వుతూనే
జానతో గట్టు వెడల్పు కొలిచింది,
ఒకటి, రెండు, మూడు, బొటనవేలంత.

నేను ఎవరికీ చెప్పనిది ఒకటుంది.

జనవరిలో నేల పెకలించినప్పుడు
పైన గోధుమరంగు పలకలు.
వాటి కింద లినోలియం,
గుమ్మడిపండు రంగులో అరచేతులంత పూలు.
దాని కింద ఎర్ర ఇటుకల బొమ్మ,
ఇటుక కానే కాదు, ఉత్త అచ్చు.
ఒక్కొక్క పొర మీదా
ఒకనాడు ఎవరో బూట్లు విప్పి నిలబడి
"ఓహ్" అనే ఉంటారు.
ఇంటికెళ్ళి తమ నేలకేసి చూసుకుని
ఆ రాత్రి మొగుడితో మాట్లాడి ఉండరు.

నాలుగోది నలుపు తెలుపు గళ్ళు.
సింకు ముందు రెండు చోట్ల గళ్ళు అరిగి
నలుపూ లేదు, తెలుపూ లేదు.
రెండు పాదాలంత బూడిదరంగు.
మా కుర్రాడు టీము తన బూట్లు అందులో పెట్టి చూశాడు.
పట్టలేదు.
ఊడబెరకబోతే ఊడలేదది.
దాని మీదే కొత్త నేల పరిచేశాను.

పాత బీరువా వెనక రసీదు ఒకటి దొరికింది,
యాభై ఎనిమిదో సంవత్సరానిది, రంగుల కొట్టుది.
వెనక పెన్సిల్‌తో ఇలా ఉంది:
"హెరాల్డ్‌కి ధర చెప్పకూడదు.
ఆగ్నెస్‌కి చెప్పాలి."
దాన్ని మడిచి
కొత్త బీరువా వెనక్కి జారవిడిచాను.

అందరూ వెళ్ళాక మార్లిస్ నా దగ్గరికొచ్చి
గొంతు తగ్గించింది, ఇంట్లో ఎవరూ లేకపోయినా:
"లోయిస్ ఎంతైందని అడిగితే
కొంచెం కలిపి చెప్పు.
మా ఆయన అడిగితే..."
నాకు తెలుసన్నాను.
పనిముట్లు సర్దుకుని వెనక్కి తిరిగేసరికి
సింకు దగ్గర నిలబడి, దీపం వేసుకోకుండా
మిగిలిన బిస్కెట్టు తింటోంది, అరచేయి కింద పట్టి
పొడి రాలకుండా.
సరిగ్గా అక్కడే నిలబడింది.

ఇంటికొస్తే మా ఆవిడ సోల్వెయ్
కూర గిన్నె దించుతూ అడిగింది,
"ఎలా వచ్చింది హౌగెన్ వాళ్ళది?"
"బానే ఉంది," అన్నాను.
"బానే అంటే?"
"బానే అంటే బానే."
గరిటె కోసం సొరుగు లాగింది.
పదకొండేళ్ళుగా చేస్తానంటున్న సొరుగు.
తుంటితో ఒక్క తోపు తోసి మూసింది.
ఆ చప్పుడు సరస్సు దాకా వినబడే ఉంటుంది.