చివరి తూము ముందు

టెర్రిక్ బెండ్‌లో ఆమె విగ్రహం లేదు.
ఒకప్పుడు పెట్టారట. వరదకి ముక్కు పోయింది,
మిగతాది ఎవరో ట్రాక్టరుకి కట్టి ఈడ్చుకెళ్లారు.
ఉన్నదల్లా ఒక్క మాట,
నీటి ఆఫీసులో నా కుర్చీ వెనక
తుప్పు రేకు మీద:
చివరి తూము ముందు.

ఆగ్నెస్ పెన్‌గెల్లీ.
రైతు సంఘానికి పదకొండేళ్లు పెద్ద.
ఎగువ ద్రాక్షతోటల ఆసాములు
కోటు గుండీలు బిగించుకుని పోట్లాటకొస్తే
"నీళ్లకి పల్లం తెలుసు, మీ అంతస్తు తెలీదు" అందట.
అందో లేదో.
ఈ ఊళ్లో ప్రతివాళ్లూ
ఆమె నోట్లో ఒక మాట పెడతారు.

నేనొచ్చి ఆరేళ్లు. గేట్లు ఎత్తడం నా పని.
ఎత్తడమంటే ఇప్పుడు తెర మీద వేలు తాకించడమే.
మొదటి వేసవి, నలభై నాలుగు డిగ్రీలు,
ఎగువ రైతు డెస్ మక్‌గిలివ్రే
బాదం ఎండిపోతోందని ఫోన్లో బూతులు తిడుతూ తిడుతూ
"సరే, ముందు గ్రెకో వాళ్లకి వదులు, చివర ఉన్నారుగా" అన్నాడు.
అదే గొంతుతో. ఊపిరైనా మార్చకుండా.

ఫోను పట్టుకుని అలాగే ఉండిపోయాను.
మా శివారు పొలాల్లో
అర్ధరాత్రి తూము దగ్గర గడ్డపలుగులు మాట్లాడేవి.
మా బాబాయి ఎడమ భుజం ఇప్పటికీ పైకి లేవదు.
చట్టం మాకూ ఉండేది,
పుస్తకంలో, బీరువాలో, తాళంలో.

పోయి తొంభై ఏళ్లు దాటిన మనిషి
ఒక ఊరికి అలవాటైపోయింది.
బడిలో పిల్లలు
వరస చివర నిలబడ్డవాణ్ణి ముందు పిలుస్తారు.
పబ్బులో మాత్రం అలా జరగదు లెండి.

శుక్రవారాలు ఆఫీసు మెట్ల మీద టీ తాగే ఆంటీ మెర్ల్,
ఈ నదికి మొదటి పేరు పెట్టినవాళ్ల మనవరాలు,
ఆ రేకుని చూసి నవ్వుతుంది.
"చివరంటే ఎక్కడ బాబూ?
ఆగ్నెస్ గీసిన కాలవ
మా అమ్మమ్మ పొయ్యిరాళ్ల మీంచి పోయింది.
మాకు తూమే లేదు.
తూము లేనివాళ్లు వరసలోకి రారు."
కప్పు ఖాళీ చేసి నా చేతికిస్తుంది.

పటం తీసి చూశాను.
నలభయ్యో మైలురాయి దగ్గర నీలం గీత ఆగిపోతుంది.
ఆ తర్వాత ఒక పాత మడుగు, నెర్రెలిచ్చిన మట్టి,
నిలువునా ఎండిన రెడ్‌గమ్ చెట్లు,
ఆంటీ వాళ్ల ఇళ్లు పద్నాలుగు.

నిన్న బోర్డు సమావేశం. ఏడో అంశం:
ఆ మడుగుకి నీళ్లు.
డెస్ లేచాడు. గదంతా బిగుసుకుంది.
టోపీ తీసి, చాలాసేపు దాని లోపలికి చూసి,
"రేకు మీద ఏముందో చదవండి" అన్నాడు.
కూర్చున్నాడు.
ఏమీ తేలలేదు. లెక్కలు, వకీళ్లు,
వచ్చే నెలకి వాయిదా.

ఇవాళ పొద్దున్నే తెర మీద
నలభై తర్వాతి ఖాళీలో
ఊరికే వేలు పెట్టి చూశాను.
ఏదీ కదల్లేదు.
గాజు మాత్రం
చల్లగా ఉంది.