రద్దు పలకలు

మూడో గంట కొట్టేదాకా
నాగూరయ్య మాట్లాడడు.
రంగేసుకున్న మొహంతో తెర పక్కన నిలబడి
ముట్టించని బీడీ వేళ్ళ సందున తిప్పుతుంటాడు.
నేను రేకుపెట్టె మీద కూచుని
పలకలు వరసన పెట్టుకుంటా.
ఒకటో రంగం, ఇరవై రెండు పలకలు.

అవును, పలకలే.
మార్కాపురంలో కాయితం కొనాల, పలక కొనక్కర్లా.
మూల విరిగింది, పొర లేచింది, గీత పడింది,
రద్దని మేస్త్రీ పక్కకి తోసిందల్లా
పొద్దుగూకి తువ్వాల్లో చుట్టుకొచ్చేవాడు.
వాటి మీద బలపంతో రాసిన నాటకాలు
నా లెక్కన పదకొండు.
ఆయన భార్య సైదమ్మ పద్నాలుగంటుంది.
కాదనడానికి నా దగ్గిరేముంది?

పదమూడో ఏట ఆడవేషంతో మొదలు.
కనిగిరిలో కుచ్చెళ్ళు తొక్కుకుని బోర్లా పడితే
"పడ్డా సోకుగానే పడింది పిల్ల" అని ఈల వేశారంట.
మీసాలొచ్చాక దొంగ, గుమాస్తా, రెండు సీన్ల పోలీసు.
గనిలో రాయి కొట్టేవాడి వేషం ఏ నాటకంలోనూ లేదు,
ఉన్నా మూట మోసుకొచ్చి దించి పోతాడు.
"నాకు మాటలుండే వేషం కావాల మావా,
ఎవురూ రాయకపోతే నేనే రాసుకుంటా."
ఐదో తరగతి చెయ్యి.
ఒత్తులు తప్పేవి. మాట తప్పేది కాదు.

పొదిలి, దర్శి, అద్దంకి, కందుకూరు,
లారీలో బస్తాల మీద మేము,
మా ఒళ్ళో రెండో రంగం.
గుంటలో చక్రం పడితే ఒక డైలాగు పగిలేది.
ఒంగోలు పోటీల్లో మూడు పలకలు
ఒకదానికొకటి ఒరుసుకుని అక్షరాలు రాలిపోయినయ్.
నేను టార్చి వేసి చూస్తే
నలుపు. ఉత్త నలుపు.
ఆయన నావైపు చూశాడు.
చూసి,
కూలి లెక్క అడగడానికొచ్చిన ఆ మనిషిగానే
వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.
ఒక వేలు. ఇంకో వేలు.
మొదటికొచ్చి మళ్ళీ.
పందిరి కింద పసిపిల్ల కూడా ఏడవలా.

టైము మించిందని ఐదు మార్కులు కోశారు.

దగ్గు మొదలైంది "ఆరో గుంత" రిహార్సల్లో.
రాసిన దగ్గేమోనని
పలకలో వెతికాను. లేదు.
కందుకూరులో ఆ దగ్గుకే చప్పట్లు,
సహజ నటనకని చెక్క షీల్డు, ఒక శాలువా.
ఆ శాలువా కప్పుకునే పెద్దాసుపత్రికి పోయాం.
ఎక్స్‌రే లైటుకి ఎదురు పట్టి
"ఎన్నేళ్ళ నించి?" అన్నాడు డాక్టరు.
ఆయన అడిగింది గని సంగతి.
"ముప్పయ్యొకటి, ఆడవేషాలు కలుపుకుని" అన్నాడీయన.

ఆట అవగానే తడిగుడ్డ.
వచ్చే నాటకానికి పలకలు కావాల గదా.
ఇదొక్కటన్నా ఉంచు నాగూరూ అంటే
"నోళ్ళలో ఉందిలే" అనేవాడు.
ఆ నోళ్ళలో రెండు ఇప్పుడు మట్టిలో ఉన్నాయి.
తెనాలి నించి హైమావతి ఫోన్లో
ఒక రంగమంతా తన వంతు అప్పజెప్పింది, తడుముకోకుండా.
"ఆయన ఏమడిగితే నేనివన్నీ చెప్పానో
అది మాత్రం గుర్తు లేదండీ."

మరి నీకో? అంటారు.
నేను అందించినవాణ్ణి.
కంఠతా పట్టే పని నాది కాదు.

ఖబరస్తాన్లో హజరత్ దువా చదువుతుంటే
నా పెదవులు ఆయనకన్నా ముందే కదులుతున్నాయి,
ఒక్క ముక్కా రాకపోయినా.
పక్కనున్నాయన వింతగా చూశాడు.

సైదమ్మ నీళ్ళకుండ మీద మూత ఒక పలక.
దాహమేసి ఎత్తితే అడుగు పక్కన
మేకుతో గీకిన అక్షరాలు,
ఏ తడికీ పోనివి:

పెంచలయ్య, తలుపు దాకా పోయి, వెనక్కి తిరిగి, నవ్వుతాడు.

ఎందుకు నవ్వాడో
తర్వాతి పలకలో ఉండాలి.