రెండు పలకరింపులు

మా నది ఒడ్డున పలకరింపులు రెండే.
మనవాళ్లకు "దేవుని శాంతి".
కానివాళ్లకు "బాగున్నారా".
అక్షరాలు రాకముందే నాకు తెలుసు ఏది ఎవరికో,
పొయ్యి ఏ పక్క కాలుతుందో పిల్లలకు తెలిసినట్టు.

ఫిన్లాండ్ ఉత్తరాన, మువోనియో ఒడ్డున,
పదకొండుమందిలో తొమ్మిదోదాన్ని.
మా కిటికీలకు తెరలుండవు.
"దాచుకోడానికి మనదగ్గర ఏముంది" అనేవాడు నాన్న.
పొద్దు పొడవని డిసెంబరులో
చీకటి వచ్చి అద్దానికి ముఖం ఆనించి
మా జావ గిన్నెలు లెక్కపెట్టేది.

పక్కింటి తువోవి చెవులకు రింగులు,
ఇంట్లో టీవీ.
నాన్న నడుం పడిపోయిన చలికాలం
వారానికో పైక్ చేప తెచ్చి
మా గుమ్మం పక్క మంచులో గుచ్చి వెళ్లేది,
తలుపు తట్టకుండా.
"అమ్మా, చచ్చిపోయాక తువోవి ఎక్కడికి పోతుంది?"
రై పిండి పిసికే అమ్మ చేతులు ఆగాయి.
మళ్లీ కదిలాయి.
ఆ పూట రొట్టె గట్టిగా వచ్చింది.

మా అన్న ఇస్మో, పదిహేడేళ్లు,
తువోవి కిటికీ బయట మోకాలిలోతు మంచులో నిలబడి
ఒక స్కీ పందెం చూశాడు.
ఎవరో అతన్ని చూశారు.
ప్రార్థన ఇంట్లో మూడు గంటలు నిలబెట్టి అడిగారు:
నీలో ఉన్నది ఏ ఆత్మ?
"పదిహేను కిలోమీటర్ల పందెం" అన్నాడు.
ఎవరూ నవ్వలేదు.
నాకు నవ్వొచ్చి చేతితొడుగు కొరుక్కున్నాను.

చివరికి క్షమించమన్నాడు.
అంతే, ముసలాళ్లు లేచొచ్చి మెడ చుట్టూ చేతులేసి
నీ పాపాలు పోయాయి, నమ్ము, నమ్ము అంటూ ఏడ్చారు.
అబద్ధమెందుకు, నేనూ ఏడ్చాను.
అంత వెచ్చటి గది మళ్లీ నాకెక్కడా దొరకలేదు.
వెళ్లిపోయినవాళ్లు ఈ మాట చెప్పరు.
ఇంటికొస్తూ ఇస్మో ఒక్క మాటే అన్నాడు,
నాతో కాదు, దారితో:
"ఎవడు గెలిచాడో చూడనే లేదు."

వసంతంలో నది మంచు ఏ రోజు విరుగుతుందో
ఊరంతా పందెం కాసేది.
పందెం పాపం. మేం మనసులోనే తేదీ అనుకునేవాళ్లం.
నేను విరిగిన తేదీ మాత్రం
నాక్కూడా తెలీదు.

ఔలులో చదువు. ఒక ఆదివారం జలుబు.
మరో ఆదివారం జలుబు లేదు, అయినా వెళ్లలేదు.
అద్దెగదికి పసుప్పచ్చ తెర కొన్నాను.
వేసి, తీసి, మళ్లీ వేసి
దాని వెనక ఏమీ చేయకుండా కూర్చున్నాను, రాత్రి పన్నెండు దాకా.
దాచుకోడానికి ఏమీ లేదు నాన్నా, నిజమే.
కానీ ఎవరికీ కనపడకుండా
నేను నాకు కనపడటం అదే మొదలు.

ఎవరూ వెలివేయలేదు. ఏ కాగితంలోనూ పేరు కొట్టేయలేదు.
బస్టాండులో ఓయివా మావయ్య
నా బోసి చెవుల్ని ఒకసారి పరికించి
చెయ్యి చాపాడు:
"బాగున్నావా."
బాగున్నాను, అన్నాను.
నా పేరు మర్చిపోయినా అంత నొప్పి ఉండేది కాదు.

ఆ శీతాకాలం అమ్మ ఉత్తరం:
"తువోవి పోయింది. మంచి చేపలు తెచ్చేది."
కింద ఒక వాక్యం, కాగితం చిరిగేలా కొట్టేసి ఉంది.
దీపానికెత్తి చూశాను.
చదవగలిగింది చివర్లో ఉన్న ప్రశ్న గుర్తొక్కటే.

ఈస్టరుకి వెళ్తే తలుపు తనే తీసింది.
పెదవులు "దే" దాకా వచ్చాయి.
ఆగాయి, ఆ రోజు పిండిలో చేతులు ఆగినట్టు.
కన్నబిడ్డతో రెండోది అనడానికి నోరు రాలేదు.
మొదటిదీ కాక, రెండోదీ కాక,
నా కాళ్లకేసి చూసి
"బూట్లకి మంచు దులుపుకో" అంది.

దులుపుకున్నాను.
చాలాసేపు దులుపుకున్నాను.