ఏప్రిల్ మూడు ఎల్బోలు

రాణిగంజ్‌లో షట్టర్లు సగం దించే వేళకి
బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోంచి స్టాకంతా ఎక్సెల్‌లోకి దిగింది.
దిగీ దిగగానే
3/4 అంగుళం ఎల్బోలు
ఏప్రిల్ మూడు అయిపోయాయి.
అరంగుళం టీలన్నీ ఫిబ్రవరి ఒకటి.

తేదీవి కాదమ్మా నువ్వు, మాటవి,
అని గడిని బుజ్జగిస్తే
నలభై ఐదు వేల ఏడు వందల యాభై అంది.
అంత లావు పైపు
మంజీరా నీళ్ళకి కూడా ఎవరూ వెయ్యలేదు.

కింద కూడికలో సున్నా.
రేట్లన్నీ ఎడమ గోడకి ఆనుకుని
అలిగి నిలబడ్డాయి,
ఒక్కోదాని తోకన కనబడని ఖాళీ.

గోడౌన్‌కి ఫోన్ చేశాను.
"ఖాజామియా, ఫిబ్రవరి ఒకట్లు ఎన్నున్నయి?"
నవ్వలేదు. కరెంటు పోయినా
సైజు తప్పని మనిషి.
"బొటనవేలు ఇరుక్కుంటే అర,
ఆడితే ముప్పావు.
రాస్కో బిటియా."

పెట్టె పెట్టెకీ వేలు పెట్టి ఆయన చెబుతుంటే
సైజు సైజుకీ ముందు
చిన్న కొస గుర్తు పెడుతూ పోయాను,
తలంటిన బిడ్డకి దిష్టిచుక్కలా.
పెట్టాక గడిలో అది కనబడదు.
కానీ ఎవరి కన్నూ పడదు.

ఆరు వందల పదమూడు వరుసలు.
ఇరానీ చాయ్ మీద మీగడ కట్టింది.
ఆఖర్న విసుగొచ్చి
మిగిలినవన్నీ ఒక్క దెబ్బకి మార్చేశాను.

పొద్దున చూస్తే
వెంకోజీ శానిటరీ వాళ్ళ చెక్కు తేదీ
ముప్పావు అంగుళం.

స్క్రీను మీద బొటనవేలు ఆనించి చూశాను.
ఇరుక్కోలేదు, ఆడలేదు.